బాబా తుపాకి, రమణమ్మ మాట

పదకొండేళ్లుగా ఒక అబద్ధాన్ని మోస్తున్నాను. పెద్దదేమీ కాదు. అరబ్బీలో ఒకే ఒక్క వాక్యం. చెప్పేటప్పుడు నాలుక తడబడలేదు. ఆ తర్వాతే బరువెక్కింది. నా భార్యకు చెప్పలేదు. ఒకే గదిలో ఏళ్ల తరబడి పక్క మంచం మీద పడుకున్న స్నేహితుడికి చెప్పలేదు. మీరెవరో నాకు తెలియదు కాబట్టి మీకు చెప్పగలుగుతున్నాను. నేనెవరో మీకు తెలియకపోవడం కూడా నాకు కావాలి. పిరికితనం అంటారా? అనండి. కాదనను.

మాది జగిత్యాల వైపు. కువైట్‌లో ఒక పెద్దాయన ఇంట్లో డ్రైవర్‌గా ఉండేవాణ్ణి. పేరుకే డ్రైవర్ని. పొద్దున పిల్లల్ని బడికి దింపాలి, మార్కెట్‌కు పోవాలి, సాయంత్రం దివానియాలో టీలు పోయాలి. దివానియా అంటే ఇంటికి ఆనుకుని మగవాళ్లు కూర్చుని మాట్లాడుకునే హాలు. ఆ పెద్దాయనను మేము బాబా అనేవాళ్లం, ఆయన భార్యను మామా. తొమ్మిదేళ్లు అక్కడే ఉండటంతో నాకు అరబ్బీ బాగా వచ్చేసింది. అందుకని ఆ ఇంటికి మనవాళ్లు ఎవరు కొత్తగా వచ్చినా వాళ్ల మాట నా నోటి నుంచే పోవాలి. తలనొప్పిగా ఉందన్నా, ఇంటికి ఫోన్ చేసుకోవాలన్నా ముందు నా దగ్గరికే వచ్చేవాళ్లు. దాంతో నాకు కొంచెం గర్వంగా కూడా ఉండేది. ఇప్పుడు దాచి ఏం లాభం?

అలా నా దగ్గరికి వచ్చిన మనిషి రమణమ్మ. అసలు పేరు అది కాదు. రాయచోటి వైపు ఆమె. ఇంటిపనికి వచ్చి అప్పటికి నాలుగు నెలలు. చదువు లేదు, అరబ్బీ రాదు, హిందీ కూడా అంతంతే. నన్ను అన్నా అని పిలిచేది. వయసులో నాకంటే ఒకటి రెండేళ్లు పెద్దదేమో కూడా.

ఇక తుపాకి సంగతి చెప్పాలి. ఎక్కడ మొదలుపెట్టినా అక్కడికే రావాలి.

దివానియా గోడకు ఒక పాత తుపాకి వేలాడేది. పేలదు. లోపలి భాగాలు ఎప్పుడో తీసేశారు. బాబా వాళ్ల తాత పడవల మనిషి. ఇంగ్లీషువాళ్ల కాలంలో ఈ రేవుల్లో ముత్యాలూ ఖర్జూరమూ ఎంత సరుకో తుపాకులూ అంత సరుకట. ఓడల్లో యూరప్ నుంచి మస్కట్‌కు పెట్టెలు దిగేవి. అక్కడి నుంచి వాళ్ల తాత లాంటివాళ్లు వాటిని చాపల్లో చుట్టి, పైన ఖర్జూరం బుట్టలు పేర్చి, పడవల్లో ఇక్కడికీ అవతలి ఒడ్డుకూ చేర్చేవాళ్లు. ఇంగ్లీషువాళ్ల గస్తీ ఓడ కనబడితే మూటలు సముద్రంలోకి జారవిడిచేవాళ్లట. కొన్నవాళ్లు వాటిని ఒంటెల మీద కొండలు దాటించి హిందుస్థాన్ సరిహద్దు దాకా పట్టుకుపోయేవాళ్లు. "అక్కడ వాటికి ఎదురు నిలబడింది మీ హిందీలే. ఇంగ్లీషువాడు ముందు వరసలో ఎవరిని పెడతాడు?" అని బాబా ఒకసారి నా వైపు చూసి నవ్వాడు. హిందీలంటే వాళ్ల మాటలో మన దేశస్థులు. నేనూ నవ్వాను. చేతిలో టీ కెటిల్ ఉన్నవాడు నవ్వక ఏం చేస్తాడు?

ఇంకో మాట కూడా చెప్పేవాడు. ఆ తుపాకులతో ఎవరెవరు చచ్చిపోయారని అడిగితే, వాళ్ల తాత, "నేను మోశాను, అంతే. కాల్చింది నేను కాదు" అనేవాడట. వచ్చినవాళ్లంతా తలలూపేవాళ్లు. అది ఎంత సుఖమైన మాటో నాకు తర్వాత తెలిసింది. ఎన్ని రాత్రులు దాన్నే కప్పుకుని పడుకున్నానో.

ఆ తుపాకి మీద ఒక గుర్తు ఉందని, తన తాత పడవలో వచ్చిన సరుకే అనడానికి అదొక్కటే సాక్ష్యమని బాబా అందరికీ చెప్పేవాడు. ఇనుము మీద ఒక కిరీటం ముద్ర ఉండేది. గుర్తంటే అదేననుకున్నాను. అది తుపాకి తయారుచేసిన కార్ఖానా ముద్ర. అసలు గుర్తు కర్ర భాగం మీద మేకులతో కొట్టిన ఇత్తడి రేకు మీద ఉంది. ఎవరో మేకు మొనతో పైపైన గీసిన గీతలు, పడవ పేరు. వందేళ్ల మురికి ఆ గీతల్లో నల్లగా నిండబట్టే అవి కనబడేవి. నా కంటికి మాత్రం అది మకిలి పట్టిన ఇత్తడి. అంతే.

దసరా వచ్చింది. మా వైపు ఆ రోజు పనిముట్లు కడగకుండా, బండికి బొట్టు పెట్టకుండా ఉండరు. కువైట్‌లో ఉన్నా నేను ఏ ఏడూ మానలేదు. కారు కడిగి, చక్రాల కింద నిమ్మకాయలు పెట్టి, జాకీకీ స్పానర్లకూ ఎవరూ చూడకుండా కుంకుమ అద్దేవాణ్ణి. ఆ ఏడు ఊరి నుంచి వచ్చినవాడు జమ్మి ఆకు కూడా తెచ్చాడు. మనసు పొంగిపోయింది. దివానియా ఊడ్చి తలెత్తితే గోడ మీద తుపాకి. ఇన్నేళ్లూ స్పానర్లకు ఆయుధపూజ చేశాను కదా, ఇదిగో నిజమైన ఆయుధం, దసరా పూటా మకిలితో వేలాడుతోంది అనిపించింది. పొడిగుడ్డతో తుడవడం తప్ప ఇంకేమీ చేయొద్దని బాబా చెప్పాడు. ఆ మాటను రమణమ్మకు తెలుగులో చెప్పిందీ నేనే. అయినా ఆయనకేం తెలుసు, కడిగి తళతళలాడిస్తే ఆయనే మెచ్చుకుంటాడు అనుకున్నాను. వంటింట్లో రమణమ్మను చింతపండు అడిగాను. దేనికన్నా అని కూడా అనకుండా పిడికెడు పెట్టింది. ఇటుక పొడి కలిపి, మా అమ్మ పండగకు బిందెలు తోమినట్టు అరగంట తోమాను. రేకు అద్దంలా మెరిసింది. కుంకుమ పెట్టి, దండం పెట్టుకుని, బొట్టు తుడిచేసి, తుపాకిని మళ్లీ గోడకు తగిలించాను. ఆ పూట నాకు ఎంత సంతోషంగా ఉండిందో చెప్పలేను.

మర్నాడు పొద్దున బాబా కేక వేయలేదు. కేక వేసినా బాగుండేది. తుపాకిని ఒళ్లో పెట్టుకుని, గీతలు పోయిన రేకును వేలితో తడుముతూ కూర్చున్నాడు. ఆ వారంలోనే పాత ఆయుధాల వ్యాపారం గురించి రాస్తున్న ఒక పెద్దమనిషి ఆ గుర్తు చూడటానికి రావలసి ఉంది. మామా గుమ్మంలో నిలబడి రమణమ్మను పిలిపించింది. దివానియాలో దుమ్ము దులిపేది రమణమ్మే కాబట్టి చేసింది ఆమేనని అప్పటికే నిశ్చయమైపోయింది.

"దీన్ని ఎందుకు కడిగావో అడుగు" అన్నాడు బాబా నాతో.

అడిగాను. చేసినవాడే చేయని మనిషిని అడిగాడు.

"నేను కడగలేదన్నా. నేను గుడ్డతో తుడిసేది తప్ప దాన్ని తాకనే తాకను. సింతపండు నువ్వే గదా తీస్కపోయింటివి, పండగని కడిగింటావు. దాంట్లో ఏముంది, ఆ మాటే ఆయప్పకు చెప్పు."

అందులో కోపం లేదు, ఫిర్యాదు లేదు. నేను చెప్పేస్తానని ఆమెకు అనుమానమే లేదు.

నేను బాబా వైపు తిరిగాను. "తెలియక కడిగిందట బాబా. క్షమించమంటోంది" అన్నాను.

ఇదే ఆ వాక్యం.

బాబా తుపాకిని తిప్పి రేకును వెలుతురుకు పట్టి చూశాడు. తర్వాత, "మా తాత ఉన్నాడనడానికి నా దగ్గర ఇంకేమీ లేదు" అన్నాడు. రమణమ్మకు ఆ మాట అర్థం కాలేదు, ఆయన ముఖం మాత్రం అర్థమైంది. నా పక్కకు జరిగి మెల్లగా, "చెప్పినావా అన్నా?" అంది.

"చెప్పిన చెల్లె. పరేషాన్ గాకు. ఏం గాదు."

"నిన్నేమన్నా అంటారేమో అన్నా" అంది.

ఎందుకలా చేశాను? ఈ ప్రశ్న ఎన్నిసార్లు వేసుకున్నానో. భయం అని జవాబు చెప్పుకుంటూ వచ్చాను. భయం నిజమే. మా తమ్ముణ్ణి తన కొడుకు ఇంట్లో డ్రైవర్‌గా పెట్టుకుంటానని బాబా అంతకు వారం ముందే మాటిచ్చాడు. ఆ వీసా పోతుందని భయపడ్డాను. కానీ నన్ను ఎక్కువగా బాధపెట్టేది అది కాదు. భయపడ్డవాడు తడబడతాడు కదా? నేను తడబడలేదు. ఆమెకు భాష రాదు, నేనేం చెప్పినా ఆమెకు తెలియదు, ఆ గదిలో రెండు భాషలూ వచ్చింది నాకొక్కడికే అన్న లెక్క నా లోపల ముందే ఉంది. నన్ను నమ్మి ఇచ్చిన, మాట చేరవేసే పనినే ఆమె మీదకు ఎత్తాను. కొత్తగా వచ్చిన ఆడమనిషి కదా, నాలుగు తిట్లు తిట్టి ఊరుకుంటారులే అనుకున్నాను. అలా అనుకోవడం నాకు అవసరమైంది.

ఊరుకోలేదు. "ఖలాస్, మక్తబ్‌కు పంపించెయ్యి" అంది మామా. మక్తబ్ అంటే పనివాళ్లను తెచ్చిపెట్టే ఆఫీసు. వచ్చి ఆరు నెలలు కాకపోతే, నచ్చలేదని మనిషిని వెనక్కి అప్పజెప్పవచ్చు. తీసుకెళ్లి దింపింది నేనే. దారి పొడుగునా చెప్పేయాలి చెప్పేయాలి అనుకున్నాను. ప్రతి సిగ్నల్ దగ్గరా అనుకున్నాను. దిగేటప్పుడు ఆమె సంచీ అందుకుని, "నువ్వు చెప్పినా ఇనుకోలేదంటే వాళ్ల కర్మ. నువ్వు బద్రం అన్నా" అంది. నేను కారు తిప్పుకుని వచ్చేశాను.

ఆ నెలాఖరులో మా తమ్ముడు దిగాడు. ఇప్పటికీ ఇక్కడే ఉన్నాడు, బాగున్నాడు. వాడు ఊళ్లో ఇల్లు కట్టుకున్నప్పుడు గృహప్రవేశం ఫోటోలు పంపితే నేను సరిగ్గా చూడలేకపోయాను.

బాబా మూడేళ్లకు పోయాడు. ఆయనకూ నేను బాకీనే. గుర్తును చెరిపింది నేనని తెలియకుండానే, చివరిదాకా నన్ను నమ్మకస్తుడని పదిమందికి చెప్పేవాడు. నేను ఆ ఇల్లు వదిలేసి షువైఖ్‌లో ఒక గోదాము బండి తోలడానికి చేరాను. రమణమ్మను వెతకలేదు. ఫర్వానియాలో కడప వైపు వాళ్లు చాలామంది తెలుసు, ఒక్క మాట అడిగితే తెలిసేది. అడగలేదు.

పోయిన నెల మహబూలాలో సరుకు దింపుతుంటే ఎవరో "అన్నా" అన్నారు. గొంతు గుర్తుపట్టాను. తలెత్తడానికి భయం వేసింది. జుట్టు సగం నెరిసింది, పైపళ్లు రెండు లేవు. నన్ను చూసి ఆమె ముఖం విప్పారింది. పక్కనున్న ఆడవాళ్లతో, "నేను చెప్తానే ఉంటా గదా, నా మాట ఆ అరబ్బోళ్లకు చెప్పిన అన్న. ఈయన్నే" అంది. వాళ్లు నాకు నమస్కారం పెట్టారు. నేను తిరిగి పెట్టాను. పెట్టగలిగాను, చూడండి.

మక్తబ్ వాళ్లు పంపిన రెండో ఇంట్లో కొట్టారట. పారిపోయింది. ఇంటివాళ్లు పారిపోయిందని కేసు పెట్టారు. అప్పటి నుంచి ఇఖామా, అంటే ఇక్కడ ఉండటానికి అనుమతి, లేదు, చేతిలో ఏ కాగితమూ లేదు. పది మంది ఉండే గదిలో తలదాచుకుని, దొరికిన ఇళ్లలో దొరికిన పని చేసింది. ఇన్నేళ్లలో ఒక్కసారి కూడా ఇంటికి పోలేదు. ఈలోపల తల్లి పోయింది, కూతురి పెళ్లి ఫోన్‌లో చూసింది. ఇవన్నీ ఆమె ఏడవకుండానే చెప్పింది. ఇప్పుడు మనవాళ్ల సంఘం ఒకటి ఇంటికి పంపడానికి సాయం చేస్తోందట. ఆమె తప్పేమీ లేదని చూపడానికి, మొదటి ఇంట్లో ఏం జరిగిందో తెలిసినవాళ్లతో రాయించుకుని రమ్మన్నారట.

"నువ్వు కండ్లారా సూసినోడివి. జరిగింది జరిగినట్టు రాసియ్యన్నా. నాకు రాసిచ్చేవాళ్లు ఇంకెవరుండారు?" అంది.

కాగితం ముందు మూడు రోజులు కూర్చున్నాను. మొదట, పొరపాటు ఎవరు చేశారో తెలియదని రాశాను. చించేశాను. తర్వాత, ఆమె చాలా మంచి మనిషి, అన్యాయం జరిగిందని రాశాను. ఎవరు చేశారో చెప్పని అన్యాయం. అదీ చించేశాను. మీకు ఇదంతా రాయడం మొదలుపెట్టాకే ఆ కాగితం మీద నాలుగు ముక్కలు రాయగలిగాను.

"ఆ ఇంట్లో తుపాకి కడిగింది నేను. రమణమ్మ కాదు. తాను కడగలేదని ఆమె చెప్పింది. ఆమే కడిగిందని నేను అరబ్బీలో చెప్పాను."

కింద నా పేరు, ఫోన్ నంబరు రాసి సంతకం పెట్టాను. ఇక్కడ పేరు దాచుకున్నాను. అక్కడ దాచుకోలేదు.

నిన్న పోయి ఇచ్చాను. ఏం రాశావన్నా అని అడిగింది. జరిగింది రాశానన్నాను. ఎదురుగా నిలబడి నోటితో చెప్పే ధైర్యం అప్పుడూ రాలేదు. ఆమె దాన్ని మడిచి రవికెలో దోపుకుని, సల్లగుండు అన్నా అంది. ఆ దీవెన తీసుకునే హక్కు నాకు లేదు. రేపటికి ఆమే వెనక్కి తీసుకుంటుందేమో. తీసుకోనీ. తిట్టనీ. వచ్చి నా చొక్కా పట్టుకోనీ. క్షమించమని ఆ కాగితంలో రాయలేదు. అడిగితే ఆమె క్షమిస్తుందేమోనని భయం వేసింది.

రేపు ఆదివారం ఆమె సంఘం ఆఫీసుకు పోతుంది. చదవడం రాదు కాబట్టి అక్కడ ఎవరో ఆ కాగితాన్ని ఆమెకు చదివి వినిపిస్తారు. ఎవరో నాకు తెలియదు. ఎవరైనా సరే, నాలా చేయకుండా, రాసింది రాసినట్టు చెబితే చాలు.