శూన్యమాసంలో తీసిన రాయి

దయ్యాలను నమ్మేవాళ్ళంటే నాకు మొదటినుంచీ ఒళ్ళుమంట. ఎద్దు ఈనిందంటే దూడను కట్టెయ్యమనే రకం వాళ్ళు. ధర్మవరంలో మా పట్టుచీరల అంగడికి వచ్చే ఆడవాళ్ళు దయ్యం కథ మొదలుపెడితే, బేరం పోయినా సరేనని వాళ్ళ మొహం మీదే నవ్వేవాణ్ణి. ఇది ముందే ఎందుకు చెబుతున్నానంటే, కింద రాసింది చదివి నన్నూ ఆ మందలో కలిపేస్తారని.

పుష్యం శూన్యమాసం. పెళ్ళిళ్ళుండవు, పట్టుచీర కొనే నాథుడుండడు. ఏటా అప్పుడే అంగడి మా నాయనకు అప్పగించి నాలుగు రోజులు తిరగడానికి పోయేవాణ్ణి. ఎనభైల మొదట్లో మాట ఇది. ఊళ్ళో మిగతా వర్తకులు బస్సెక్కి, అందరూ పోయే క్షేత్రాలకే పోయి, అందరూ తినే పులిహోరే తిని వచ్చి గొప్పలు చెప్పేవాళ్ళు. వాళ్ళకంటే గొర్రెలు నయం.

నాకు పాత మోటారు సైకిలు ఒకటుండేది. ఎవరికీ తెలియని బండిదారులు వెతకడం నా పిచ్చి. తారు రోడ్డు దిగి, ఎద్దులబండ్ల గాడి పట్టుకుని, పొద్దున్నే మంచులో నల్లరేగడి మీద పోతుంటే ఆ సుఖమే వేరు. దొరికిన ప్రతి దారినీ నోటుబుక్కులో గీసుకునేవాణ్ణి. ఎవరినీ దారి అడిగేవాణ్ణి కాదు. అడగడం నాకు నామోషీ.

ఆ ఏడు బెళుగుప్ప దగ్గర చుట్టాలింట్లో రాత్రి పడుకుని, పొద్దున్నే విడపనకల్లు వైపు కొత్త దారి చూద్దామని బయలుదేరాను. వెనక నా భార్య సులోచన, మధ్యలో మా నాలుగేళ్ళ కూతురు పద్మ. పాపకు ముందురోజు నుంచి జలుబు, ఒళ్ళు కాస్త వెచ్చగా ఉంది. సులోచన వద్దంది. నేను వింటేనా! పాప కోసం ఆమె వాము వేసి కాచిన నీళ్ళు ప్లాస్టిక్ క్యాను నిండా పోసి, మూత బిగించి, బండికి తగిలించిన సంచిలో పెట్టింది.

కొంత దూరం పోయాక దారి పక్కన నడుమెత్తు రాళ్ళకుప్ప కనిపించింది. ఫ్లాస్కులో టీ తాగుదామని ఆపాను. తడి రేగడిలో బండి స్టాండు దిగబడిపోయింది. కుప్ప మీదినుంచి ఒక చదును రాయి పీకి స్టాండు కింద పెట్టాను. గొర్రెలు తోలుకుపోతున్న ఒక ముసలాయన అది చూసి ఆగాడు.

“ఏమప్పా, ఆడ రాయి ఏసేదే గానీ తీసేది కాదు. ఎవురో దోవన పోయే ఆయప్ప, నీళ్ళు దొరక్క ఆడనే సచ్చిపోయినాడు. పోయేవాళ్ళంతా ఆయప్ప పేరున ఒక రాయి ఏస్తారు. నువ్వూ ఒకటి ఏసిపో.”

“నీళ్ళు లేక సచ్చినోనికి రాళ్ళెందుకు తాతా, నీళ్ళే పోయరాదా?” అని నవ్వాను.

ముసలాయన గొర్రెల వెంట పోయాడు. “ఆ రాయి ఆడనే పెట్టేయండి” అంది సులోచన. ఇంత చదునైన రాయి మళ్ళీ దొరకదని, ఆమె చూస్తుండగానే రెండో సంచిలో వేసుకున్నాను. పొగరు, ఇంకేం కాదు.

బయలుదేరిన కాసేపటికి మంచు దట్టంగా కమ్ముకుంది. ఆ దారికి చీలిక లేదు. నేనెక్కడా మళ్ళలేదు. అరగంట పోయాక ఎదురుగా రాళ్ళకుప్ప. అదే కుప్ప. నా స్టాండు దిగబడిన గుంట పక్కనే ఉంది. మంచులో దిక్కు తప్పానని నన్ను నేను తిట్టుకుని మళ్ళీ ముందుకు పోయాను. ఇంకో అరగంటకు మళ్ళీ అదే కుప్ప. ఈసారి దిగి చూశాను. కుప్ప దాటి ముందుకు పోయిన నా చక్రాల జాడ ఒక్కటే ఉంది. నేను పోయింది రెండుసార్లు.

అప్పటికి పాప ఒళ్ళు కాలిపోతోంది. “అమ్మా, నీళ్ళు” అని మూలుగుతోంది. సులోచన క్యాను తీసింది. అందులో చుక్క లేదు. మూత బిగించింది బిగించినట్టే ఉంది, సంచి పొడిగా ఉంది. తలకిందులు చేసి చూశాను, ఎక్కడా పగులు లేదు. టీ ఎప్పుడో అయిపోయింది.

నిజం చెబుతున్నాను, ఆ నిమిషం నాకు వేసింది దయ్యం భయం కాదు. నా బిడ్డ ఈ బీట్లో నా చేతుల్లోనే పోతుందేమోనని. దారులు కనిపెట్టే మొనగాణ్ణి! గుక్కెడు నీళ్ళు ఏ దిక్కున ఉన్నాయో తెలియదు.

“ఆ రాయి మీరు పెట్టొస్తారా, నన్ను పొమ్మంటారా?” అంది సులోచన. ఆమె నాతో అంత గట్టిగా ఎప్పుడూ మాట్లాడలేదు.

రాయి తీసుకుని పోయాను. దాన్ని పీకిన చోట కుప్పలో గుంట పడి ఉంది. ఆ గుంట నిండా నీళ్ళు. మంచు కారి చేరిందేమోనని వేళ్ళు ముంచాను. గోరువెచ్చగా ఉన్నాయి. వాసన చూశాను. వాము.

ఆ నీళ్ళు తోడి పాపకు పట్టే ధైర్యం నాకు చాల్లేదు. “తప్పయిపోయింది. నా బిడ్డను వదిలెయ్యి” అన్నాను. ఎవరితో అన్నానో నన్నడగొద్దు. రాయిని గుంట పక్కన పెట్టి, కింద వెతికి ఇంకొకటి తెచ్చి వేశాను.

బండి తీసిన పది నిమిషాలకు మంచు విడిపోయింది. ఎదురుగా ఊరు. మొదటి ఇంట్లో ఒకామె చెంబుతో నీళ్ళు తెచ్చింది. పద్మ గటగటా తాగి ఇంకా కావాలంది. నేను వాళ్ళ అరుగు మీద కూర్చుని, సిగ్గు లేకుండా ఏడ్చాను.

మా బామ్మర్ది సైన్సు మాస్టరు. “నువ్వే పారబోసి మరిచిపోయుంటావు బావా” అంటాడు. చదవేస్తే ఉన్న మతి పోయినట్టు! పోనీ, నేనే పారబోశాననుకుందాం. రాళ్ళకుప్పలో నీళ్ళెట్లా నిలిచాయంటే మాత్రం వాడు మాట మారుస్తాడు.

ఇప్పుడు శూన్యమాసంలో నేనూ బస్సే ఎక్కుతాను, గొర్రెల్లో గొర్రెనై. బెళుగుప్పలో దిగి, కనిపించిన వాళ్ళనల్లా దారి అడుగుతూ ఆ కుప్పదాకా నడుస్తాను. ఒక రాయి వేసి, సులోచన కాచి ఇచ్చిన వాము నీళ్ళు పోస్తాను. పోసినవి పోసినట్టే రాళ్ళ సందుల్లోంచి ఇంకిపోతాయి. ఆ రోజు ఎందుకు ఇంకలేదో నాకు ఇప్పటికీ తెలియదు.