పొగషెడ్డులో నేర్పిన కుడి మలుపు

ఏళ్ల తరబడి ఒక అబద్ధాన్ని మోశాను. నోరు తెరిచి ఆడింది కాదు. నిజం చెప్పాల్సిన చోట నోరు మూసుకున్నాను. రెండింటికీ తేడా ఉందని నాకు నేనే సర్దిచెప్పుకున్నాను. కిరాణా దుకాణంలో పెరిగినవాణ్ణి, మనస్సాక్షితోనూ బేరమాడకుండా ఉండలేను.

ప్రత్యేక రాష్ట్రం రాకముందు గోదావరిఖనిలో, గనుల్లో కొత్తగా చేరేవాళ్లకు శిక్షణ ఇచ్చేవాణ్ణి. గనిలో నిప్పంటుకుంటే ఎలా బయటపడాలో నేర్పడానికి ఒక రేకుల షెడ్డు ఉండేది. లోపల చెక్కపలకలతో సొరంగంలాంటి దారులు కట్టి, చీకటి చేసి, పొగ వదిలేవాళ్లం. మలుపు మలుపునా ఆగి, గోడ వెంట కట్టిన తాడు తడుముకుంటూ బయటికి రావాలి. బ్యాచి మారినప్పుడల్లా పలకలు జరిపి దారి మార్చాలి. అసలు చదువంతా అందులోనే ఉంది.

నేను జరపలేదు. పలకలు బరువు, పూట పని. పైగా దారి మారకపోతే, ముందు బ్యాచివాళ్లు చెప్పింది విని అందరూ చకచకా బయటికొచ్చేవారు, పైవాళ్లు నన్ను మెచ్చుకునేవారు. మా నాన్న దుకాణంలో నాసిరకం కనబడకుండా బస్తా పైన మేలురకం కందిపప్పు పరిచేవాడు. నేను పైవాళ్ల కళ్లముందు కుర్రాళ్లను పరిచాను. టీ చల్లారిపోతుందని, "ఆగకున్రి, కుడికే తిరుగున్రి" అని కూడా చెప్పేవాణ్ణి.

ఒకరోజు నిజమైన గనిలోనే పొగ కమ్మింది. పాతవాళ్లంతా అక్కడి గోడ వెంట కట్టిన తాడు పట్టుకుని ఎడమకు వచ్చారు. నా దగ్గర నేర్చుకున్న రాజమల్లు తాడు తడమకుండానే కుడికి తిరిగి, మూసేసిన దారిలో చిక్కుకున్నాడు. మోసుకొచ్చారు. బతికాడు, ఊపిరితిత్తులు మాత్రం దెబ్బతిన్నాయి. బెదిరిపోయి దారి తప్పాడని విచారణలో తేల్చారు.

దవాఖానకు వెళ్లాను.

"మీ పేరు ఖరాబు చేసిన సార్," అన్నాడు. "మీరు మంచిగనే నేర్పిన్రు. నాకే బుర్ర పనిచెయ్యలె."

"షెడ్డుల పులి, గనిల పిల్లి," అన్నాడు పక్కనున్న అతని బావ.

"ఫికర్ చెయ్యకు. పొగల ఎవ్వనికైనా గట్లనే అయితది," అన్నాను. ముగ్గురం నవ్వాం. నేనెలా నవ్వగలిగాను?

మర్నాడే పలకలు జరిపాను. తర్వాత ప్రతి బ్యాచికీ జరిపాను. ఎందుకని ఎవరూ అడగలేదు. అడిగితే చెప్పేవాణ్ణా? లేదు. రాజమల్లుకు గని పైన, టోపీ లైట్లు ఇచ్చే గదిలో పని ఇచ్చారు. షిఫ్టుకు దిగేవాళ్లు "కుడికా, ఎడమకా అన్నా?" అని ఆటపట్టిస్తుంటే, తల వంచుకుని లైటు అందించేవాడు.

నిన్న అతని ఇంటికి వెళ్లి అంతా చెప్పాను. ఆ రోజు గనిలో రాజమల్లు బెదరలేదు, నేను నేర్పింది నేర్పినట్టే చేశాడు. ఈ మాట అతని భార్య ముందు కూడా అన్నాను. అతను లేచి లోపలికి వెళ్లి తలుపు వేసుకున్నాడు.

బయటికొచ్చాక నా ఊపిరి తేలిగ్గా ఆడింది. అతని గుమ్మం ముందు అలా ఆడినందుకు సిగ్గేసింది. అయినా ఆడుతూనే ఉంది.