జీపు బ్రేకు పట్టుకున్నదెవరు?

దెయ్యాలంటే నాకు భయం లేదు, నమ్మకం లేదు కాబట్టి. ఏళ్ల తరబడి చెరువు గట్ల మీద ఒంటరిగా కాపలా పడుకున్నవాణ్ణి, ఏనాడూ ఏదీ కనబడలేదు. నాకు భయమల్లా మెకానిక్కులంటేనే. ఈ సంగతి కూడా వాళ్లతోనే మొదలైంది.

మాది నరసాపురం దగ్గర పల్లె. రొయ్యల చెరువులు చేస్తాను. మా ఆవిడ సుజాత అంగన్‌వాడీ సూపర్‌వైజరు. ఆవిడ తిరగాల్సిన కేంద్రాలన్నీ గోదావరి అవతల ఇసుక దారుల్లో ఉన్నాయి. అందుకే పాతదైనా నాలుగు చక్రాలూ లాగే జీపు ఒకటి కొన్నాం. ఆవిడే నడుపుకుంటూ రేవుకి వెళ్లి, జీపుని పంటు మీదికి ఎక్కించి అవతలికి పోతుంది. పంటంటే పడవల మీద బల్లలు పరిచి కట్టింది. చివర అడ్డంగా ఒక గొలుసు ఉంటుంది. దాని తర్వాత గోదావరే.

వానలయ్యాక, బురద పట్టేసిందని మెకానిక్కు చేత ముందు చక్రాలూ వాటి బ్రేకులూ విప్పించి శుభ్రం చేయించాం. ఆ తర్వాత నుంచీ బ్రేకు మెత్తబడింది. పెడల్ తొక్కితే తడి దిండు మీద కాలేసినట్టు దిగిపోయేది. గబగబా నాలుగు సార్లు కొడితేనే కాస్త గట్టిపడేది. ఒకరోజు పంటు ఎక్కుతుంటే జీపు ఆగలేదట, వెళ్లి గొలుసుకి ఆనుకుందట. ఆ మాట సుజాత నాకు చెప్పలేదు, రేవులో టిక్కెట్లు ఇచ్చే అతను చెప్పాడు. ఆ పూట నాకు అన్నం సహించలేదు.

ఇక మెకానిక్కుల భాగవతం. ఒకాయన మాస్టర్ సిలిండర్ పోయిందన్నాడు, మార్పించాం. ఇంకొకాయన రబ్బరు పైపులు ఉబ్బుతున్నాయన్నాడు, కాకినాడ నుంచి కొత్తవి తెప్పించాం. ఆఖరి ఆయనైతే చేతులు తుడుచుకుంటూ, పాత బండికి ఇంతేనండి, అలవాటు చేసుకోవాలి అన్నాడు. ఏంటి అలవాటు చేసుకునేది, గోదాట్లో పడటమా? నాకు ఒళ్లు మండిపోయింది.

ఆదివారం పొద్దున్న చెరువు దగ్గరి షెడ్డులో నేనే జీపు కిందికి దూరాను. చూద్దును కదా, ముందు చక్రాలని పట్టి ఆపే బ్రేకు కాలిపర్లు ఎడమది కుడివైపు, కుడిది ఎడమవైపు బిగించి ఉన్నాయి. దాంతో గాలి తీసే నిపిల్ పైన ఉండాల్సింది కిందికొచ్చింది. ఆయిల్లో చిక్కిన గాలేమో పైన కూర్చుంటుంది, పెడల్‌ని మెత్తబరిచేది అదే. కింద నుంచి ఎంత ఆయిల్ తీస్తే మాత్రం ఏం లాభం? ఇన్నాళ్లూ ఇంతమంది చూసి, ఒక్కరికీ ఇది కనబడలేదు.

రెండూ విప్పి సరిగ్గా బిగించాను. ఇప్పుడు మొత్తం గాలి తీయాలి. అది ఒక్కడి పని కాదు. ఒకరు సీట్లో కూర్చుని పెడల్ కొట్టి, గట్టిగా తొక్కిపట్టాలి. కిందున్నవాడు నిపిల్ విప్పి, గాలి పోయాక బిగించాలి. ఆ తర్వాతే పెడల్ వదలాలి. ముందే వదిలితే బయటి గాలి మళ్లీ లోపలికి పోతుంది.

మా బావమరిది రాంబాబుని కూర్చోబెట్టాను. ఆరడుగుల మనిషి, సీటు చివరిదాకా వెనక్కి జరుపుకుని కూర్చున్నాడు. చేతిలో ఎప్పుడూ ఫోను. చెరువులో నీళ్లు చిలికే ఏరేటర్ల మోతకి మాట వినబడదు గనక, పెడల్ పట్టాక తలుపు మీద ఒకసారి కొట్టమన్నాను. వదలమనడానికి నేను స్పానరుతో చప్పుడు చేస్తాను. వెనక చక్రాలు అయ్యేసరికి నా ప్రాణం విసిగిపోయింది. ఫోను చూసుకుంటూ మాటిమాటికీ ముందే వదిలేస్తాడు, చేసిందే మళ్లీ చేయాలి. నోటికొచ్చినట్టు తిట్టి, ముందు చక్రం దగ్గరికి వచ్చాను.

అక్కడి నుంచి పని చక్కగా సాగింది. తలుపు మీద చప్పుడు, నేను నిపిల్ విప్పడం, ఆయిలు జివ్వున కొట్టడం. ఎవరూ తొక్కకపోతే ఆయిలు బొట్లుగా కారుతుందంతే, అలా కొట్టదు. నిపిల్‌కి గొట్టం తగిలించి ఆయిలు పడుతున్న సీసాలో బుడగలు తగ్గిపోయాయి. రెండు చక్రాలూ అయ్యేదాకా ఒక్కసారి కూడా ముందే వదల్లేదు. తిట్లు బాగానే పనిచేశాయనుకున్నాను.

బయటికొచ్చి చూస్తే సీట్లో ఎవరూ లేరు. షెడ్డులో లేరు. షెడ్డుకి దారి ఒక్కటే, చెరువు గట్టు. దాని మీదా ఎవరూ లేరు. కాసేపటికి ఆ గట్టు మీదే రాంబాబు బండేసుకుని వచ్చాడు.

"అదేంటండీ బావగారూ, ముందు చక్రాలు మొదలెట్టకముందే చెప్పి వెళ్లాను కదా, అక్క టిఫినుకి రమ్మంటోందని. మీరు ఊఁ కూడా అన్నారు."

నేను ఊఁ అన్నానో లేదో నాకు గుర్తులేదు. సుజాతకి ఫోన్ చేశాను. వాడు వచ్చి పెసరట్లు తిని ఇప్పుడే బయల్దేరాడంది. వాళ్లిద్దరూ కలిసి నన్ను ఆటపట్టిస్తున్నారేమోనని గట్టిగా అడిగాను. ఆవిడకి కోపం వచ్చి ఫోన్ పెట్టేసింది.

పెడల్ చూద్దామని సీట్లో కూర్చోబోతే నా మోకాళ్లు స్టీరింగుకి తగిలాయి. సీటు పూర్తిగా ముందుకి జరిపి ఉంది. నాకే పట్టని చోట ఆ ఆరడుగుల రాంబాబు ఎలా కూర్చుంటాడు? సీటు వెనక్కి జరుపుకుని పెడల్ తొక్కాను. రాయిలా ఉంది. గట్టు మీద అటూ ఇటూ తిప్పి, పదేపదే తొక్కి చూశాను. తొక్కిన చోటే ఆగింది.

మర్నాడు సుజాత పంటు ఎక్కుతుంటే, ముందున్న బైకు బల్లల మీద జారి అడ్డంగా పడింది. దాని మీద తల్లీ పిల్లా ఉన్నారు. సుజాత బ్రేకు తొక్కింది. జీపు వాళ్లకి బెత్తెడు దూరంలో ఆగింది. అవతలి ఒడ్డు చేరగానే ఆవిడే ఫోన్ చేసి ఆ సంగతి చెప్పింది.

సాయంత్రం ఇంటికొచ్చాక షెడ్డులో జరిగిందంతా చెప్పాను. "ఎవరు తొక్కితే ఏంటండి, నేను తొక్కినప్పుడు ఆగింది కదా" అంది.

ఆవిడకి ఆ మాట చాలింది. నాకు చాలడం లేదు. తలుపు గాలికి కొట్టుకుందేమో అనుకున్నాను, ఆ రోజు ఆకు కదల్లేదు. చెరువు మీద పనివాళ్లని అడిగాను, అటు ఎవరూ రాలేదన్నారు. ఎంత ఆలోచించినా ఏమీ తేలడం లేదు. ఆ పెడల్ పట్టుకున్నదెవరో తెలిస్తే రెండు చేతులా దండం పెట్టుకునేవాణ్ణి. ఎవరికి పెట్టాలో తెలియకపోవడమే నాకు చిరాకు.