డ్రమ్ములు లేని పాట

ఊళ్లో రాజకీయాల గొడవ కాస్తా కులాల గొడవై, ఇళ్లు తగలబెట్టిన వారం మాకు నెట్ లేదు, బస్సుల్లేవు. నాకు కోపం మాత్రం కావలసినంత ఉంది. ఆ కోపంలో ఒక పాట రాశాను. మా చర్చి బ్యాండులో పాడేది నేను, గిటారు మా తమ్ముడు, కీబోర్డు మా పిన్ని. ఈ ఒక్కసారికి చెవులు చిల్లులు పడేలా రాక్ పాట చేద్దామన్నాను.

చిక్కల్లా డ్రమ్ములతోనే. వాయించేవాడు కాలవ అవతలి కులంవాడు, హిందువు. అయినా ఏళ్ల తరబడి మా క్రిస్మస్ కార్యక్రమాలు వాడు లేకుండా జరగలేదు. గొడవలయ్యాక వాళ్ల నాన్నగారు వంతెన దాటొద్దన్నారు. బడిపంతులుగా రిటైరైన మా నాన్నగారేమైనా తక్కువ తిన్నారా? "రానివాళ్లని మనం పిలిచేదేంటి?" అన్నారు.

సరే, పిన్ని కీబోర్డులో బీటు పెట్టింది. ఏ మీట నొక్కినా క్రిస్మస్ ఊరేగింపే వచ్చింది. "ఎవడు పెట్టాడు నిప్పు" అని నేను గొంతు చించుకుంటుంటే, చర్చి వరండాలో మామ్మగార్లు హాయిగా చప్పట్లు కొట్టి, అలవాటు కొద్దీ "ఆమెన్" అన్నారు. నవ్వాలో ఏడవాలో తెలీలేదు. అసలు బాధ బీటు కాదు. కలిసి బతుకుదామని పాడే పాటలో కాలవ అవతలివాడు లేకపోతే అది ఉత్త అబద్ధం. వాడు రాకపోతే పాట మానేస్తానని చెప్పేశాను.

ఆదివారం సాయంత్రం చర్చి గేటు ముందు స్కూటర్ ఆగింది. కొబ్బరికాయల వ్యాపారం చేసే వాళ్ల నాన్నగారు, వెనకాల వాడు. పెద్దాయన మొహం గంటు పెట్టుకునే ఉన్నారు.

"మేష్టారూ, మా ఇంట్లో నొక్కు పడని బిందె లేదండి. పొద్దస్తమానం వాయిత్తానే ఉన్నాడు. కూర మూకుడు కూడా వదల్లేదండి. ఇంక మా వల్ల కాదండి బాబూ, ఈడ్ని మీ డ్రమ్ముల మీదే పడేసుకోండి."

మా నాన్నగారు నవ్వాపుకోలేకపోయారు. "రండి, కూర్చోండి. కాఫీ తాగుదురుగాని," అంటూ కుర్చీ వేశారు.

"పర్లేదండి," అని ఆయన గేటు దగ్గరే నిలబడ్డారు.

వాడు కర్రలందుకున్నాడు. మొదటి దెబ్బకే కొబ్బరిచెట్ల మీద కాకులన్నీ లేచిపోయాయి. మామ్మగార్లు చెవులు మూసుకున్నారు, నవ్వడం మాత్రం మానలేదు. పిన్ని అయితే చెప్పులు విడిచి గెంతుతూ వాయించింది. నా జన్మలో అంత ఆనందంగా పాడింది లేదు.

పాట చివర వాయిద్యాలన్నీ ఆగిపోతాయి. అప్పుడు నేను ఉత్త గొంతుతో అడగాలి, ఆ వెంటనే డ్రమ్ము మీద ఆఖరి దెబ్బ పడాలి. అడిగాను: "నీ ఇల్లు కాలితే నేను నీళ్లు తెస్తా. నా ఇల్లు కాలితే నువ్వొస్తావా?"

అప్పుడు గేటు దగ్గర్నుంచి, ఎవరో పనిమీద పిలిస్తే పలికినట్టు, ఆయన గొంతు వినిపించింది.

"ఆయ్. వత్తానండి."

డ్రమ్ముల దగ్గర వాడు ఆఖరి దెబ్బ వెయ్యడం మర్చిపోయాడు.