అక్క నేర్పిన ఒంపు విసురు

అక్క సామర్లకోటలో ఒక హైస్కూల్లో పీఈటీ టీచరు. పెళ్లి చేసుకోలేదు. టీచర్లకు పెట్టిన ఏదో శిక్షణకు వెళ్లినప్పుడు గాల్లోకి విసిరి ఆడే ప్లాస్టిక్ పళ్లెం లాంటి ఒక తెల్ల ఫ్రిస్బీ కొనుక్కొచ్చింది. ఆదివారం చర్చి నుంచి రాగానే చీర మార్చుకుని, "రావే, గ్రౌండుకెళ్దాం" అనేది. నలభై దాటిన ఆడవాళ్లం, ఈ ఆటలేంటని నాకు సిగ్గుగా ఉండేది. అయినా వారమంతా తణుకు ఆఫీసులో కూర్చుని కూర్చుని, ఆ ఒక్కరోజు కోసమే రైలెక్కి వచ్చేదాన్ని.

తిన్నగా విసరడం తొందరగానే వచ్చింది. ఒంపు తిరిగేలా విసరడం మాత్రం రాలేదు. అక్క విసిరితే ఫ్రిస్బీ గోల్‌పోస్టుకు కుడివైపుగా వెళ్లి, ఎడమకు తిరిగి, పోస్టు వెనక నిలబడ్డ నా చేతుల్లోకి వచ్చేది. నేను విసిరితే గాల్లో ఊగిసలాడి గడ్డిలో పడేది.

"భుజంతో తోసేస్తున్నావే. చెయ్యి దారి చూపిస్తుందంతే. తిప్పాల్సింది మణికట్టు. బయటి అంచు కొంచెం కిందికి వాల్చి, చివర్లో ఇలా విదిలించు" అంటూ నా మణికట్టు పట్టుకుని తిప్పి చూపించేది.

ఒక ఆదివారం అక్క విసిరిన ఫ్రిస్బీ సగం దూరంలోనే పడిపోయింది. గాలి అనుకున్నాం. తర్వాతి వారమూ అంతే. చాక్‌పీసు జారిపోతోందని, జాకెట్టు హుక్కులు పెట్టుకోలేకపోతున్నానని అప్పుడు చెప్పింది. కాకినాడలో డాక్టరుగారు పరీక్షలన్నీ చూసి, కండరాలను కదిలించే నరాలు చచ్చిపోతున్నాయన్నారు.

"మందు లేదాండీ?" అని అడిగాను.

"నయం చేసేది లేదమ్మా" అన్నారాయన.

ఆ తర్వాత కూడా గ్రౌండు మానలేదు. నెలలు గడిచి కాళ్లూ పట్టు తప్పాక, ఆమెను పోస్టు వెనక ప్లాస్టిక్ కుర్చీలో కూర్చోబెట్టి నేను విసిరేదాన్ని. పరిగెత్తి తెచ్చుకునేదీ నేనే. "తొందరగా వదిలేస్తున్నావ్" అనేది. "మోచెయ్యి దగ్గరగా పెట్టు" అనేది. మాట ముద్దగా వచ్చేది. వంగి వినేదాన్ని.

వేసవి చివర్లో ఒక సాయంత్రం ఆ ఒంపు నాకు వచ్చింది. ఏం చేశానో నాకే తెలియదు. మణికట్టు ఒక్కటే కదిలినట్టనిపించింది. ఫ్రిస్బీ పోస్టు దాటి, ఒంపు తిరిగి, అక్క కుర్చీ దగ్గర దిగింది. అరుస్తూ పరిగెత్తాను. అక్క నవ్వుతూనే ఏడుస్తోంది. తుడుచుకోవడానికి చెయ్యి లేవడం లేదు. నా చున్నీతో తుడిచాను.

"మళ్లీ వెయ్యి" అంది.

చీకటి పడేదాకా వేశాను. కొన్ని తిరిగాయి, కొన్ని తిరగలేదు.

వానలు మొదలయ్యేసరికి అక్క పోయింది.

కొన్నాళ్లకు ఆమె సామాను సర్దడానికి వెళ్లి, ఫ్రిస్బీ తీసుకుని ఒక్కదాన్నే గ్రౌండుకు వెళ్లాను. ఎప్పుడూ లేనంత చక్కగా తిరిగింది. విసిరి, గ్రౌండంతా నడిచి తెచ్చుకుని, అక్కణ్నుంచి మళ్లీ ఇటు విసిరాను. తప్పు చెప్పేవాళ్లు లేరు, బాగుందనేవాళ్లూ లేరు. కాసేపటికి ఆపేసి తడిగడ్డిలో కూర్చుని గట్టిగా ఏడ్చాను. తర్వాత రైలుకు టైమవుతోందని లేచి, ఇంటికి తాళం వేయడానికి వెళ్లాను.