తాడు మీద ముడులు

నాకు ఈత రాదు. రిజర్వాయరులో చేపలు పట్టేవాడి పెళ్లానికి ఈత రాదంటే ఊళ్లో నవ్వుతారు. నవ్వనీ. పుట్టిలో కూర్చుని తెడ్డు వేయడం నా పని. వల వేసేదీ, నీళ్లలోకి దిగేదీ మా ఆయన.

గుండ్లకమ్మ రిజర్వాయరు అడుగున పాత తుమ్మ మొద్దులున్నాయి. వల వాటికి తగులుకుంటే ఆయన నడుముకు తాడు కట్టుకుని మునుగుతాడు. రెండో కొస నా చేతిలో ఉంటుంది. రెండుసార్లు గుంజితే పైకి లాగమని గుర్తు. ఆ కాసేపూ నా ప్రాణం నా దగ్గర ఉండదు.

ఆ రోజు పొద్దున మిరపకాయల కోతకు పోయి వచ్చాను. ఎవరూ పొమ్మనలేదు, కూలి డబ్బుల మీద ఆశ కొద్దీ నేనే పోయాను. సబ్బుతో ఎంత రుద్దినా చేతుల మంట వదల్లేదు. మధ్యాహ్నం వల తీయబోతే తగులుకుంది. ఆయన చాకు నోట కరుచుకుని దిగాడు. ఇంతలో గాలి లేచింది. పుట్టి గిరగిరా తిరగసాగింది. నుదుటి చెమట కళ్లలోకి కారుతుంటే, బుద్ధి లేకుండా చేత్తో తుడుచుకున్నాను.

కళ్లలో నిప్పులు పోసినట్టయింది. రెప్ప తెరవలేను. ఆయన ఎక్కడ తేలతాడో, పుట్టి ఎటు కొట్టుకుపోతోందో తెలియదు. చుట్టూ నీళ్ల చప్పుడు. చచ్చిపోతాననే అనుకున్నాను. అప్పుడు ఆయన గుర్తుకు రాలేదు, నేనే గుర్తొచ్చాను. తాడు వదిలేసి, రెండు చేతులా నీళ్లు తోడుకుని కళ్లు కడుక్కున్నాను. ఎంతసేపో చెప్పలేను.

పుట్టి ఒక పక్కకు ఒరిగింది. మసక మసగ్గా, అంచు మీద ఆయన చెయ్యి కనిపించింది.

ఆయాసం తీరాక అడిగాడు. "కాలు వలలో చిక్కిందే. రెండుసార్లు గుంజా. లాగలేదేందే? చాకుతో కోసుకుని బయటపడ్డా."

"తడికి జారిపోయిందయ్యా" అన్నాను.

ఆయన నా మొహం చూశాడు. "కళ్లు చూడు, ఎట్టా ఎర్రబడ్డయ్యో! నాకేం కాలేదుగా పిచ్చిదానా, ఏడవమాక" అన్నాడు.

మర్నాడు గట్టు మీద కూర్చుని, నా చేతిలోంచి జారకుండా ఆ తాడుకు జానెడుకో ముడి వేశాడు. పక్కనే కూర్చుని చూశాను. నిజం నోటిదాకా వచ్చింది, చెప్పలేకపోయాను. కోతలకు పోవడం మాత్రం ఆ రోజుతో మానేశాను.

"ముడులున్నయ్యిగా, ఇంకేం భయం" అంటాడు ఇప్పుడు దిగేముందు. నేను తల ఊపి, రెండు చేతులతోనూ పట్టుకుంటాను.