బీసెంట్ రోడ్డు మీద మా పిన్ని

మా పిన్ని పోయిన సంగతి నాకు ఫ్యామిలీ వాట్సాప్ గ్రూపులో తెలిసింది. అప్పుడు ఆఫీసులో ఉన్నాను. పెద్ద మామయ్య ఆవిడ ఫోటో పెట్టి, కింద "గొప్ప కళాకారిణిని కోల్పోయాం" అని రాశాడు. దాని కింద వరసగా దండాలు. ఇన్నేళ్లలో ఆ గ్రూపులో ఆవిడ మాట రావడం అదే మొదలు. ఆవిణ్ని అందులో ఎవరూ చేర్చనేలేదు.

మీలో విజయవాడ వాళ్లుంటే ఆవిణ్ని చూసే ఉంటారు. బీసెంట్ రోడ్డులో చెప్పుల కొట్టు మెట్ల పక్కన రెండు మడత స్టూళ్లు వేసుకుని, ఒళ్లో అట్ట పెట్టుకుని, దారిన పోయేవాళ్ల ముఖాలు పెన్సిల్‌తో వేసే ఆవిడే. "ఇరవై నిమిషాలు కదలకుండా కూర్చోండి చాలు" అనేది. కొందరు కూర్చునేవాళ్లు, చాలామంది నవ్వుకుంటూ పోయేవాళ్లు.

ఆవిడ మా అమ్మకి చెల్లెలు. బాబాయి పెళ్లయిన నాలుగేళ్లకే పోయాడు, పిల్లల్లేరు. పటమటలో ఒక ప్రైవేటు స్కూల్లో డ్రాయింగ్ టీచరుగా చేసేది. ఆ స్కూలు వాళ్లు డ్రాయింగ్ పీరియడ్ తీసేసి ఐఐటీ ఫౌండేషన్ పెట్టినప్పుడు ఆవిణ్ని కూడా తీసేశారు. నెల తిరక్కుండా ఆవిడ రోడ్డు మీద కూర్చుంది.

"అడుక్కోవడానికీ దీనికీ తేడా ఏంటి? రేపు మన పిల్లకి సంబంధం ఎవడు తెస్తాడు?" అని నాన్న అమ్మని అడిగాడు. ఆ తర్వాత పిన్ని మా ఇంటికి రాలేదు. రావద్దని అమ్మే చెప్పిందని నాకు చాలా ఏళ్లకి తెలిసింది. హనుమాన్ జంక్షన్‌లో చవగ్గా గది దొరికితే అక్కడికి మారి, రోజూ బస్సులో వచ్చిపోయేది.

డిగ్రీ చదివేటప్పుడు ఇంట్లో చెప్పకుండా వెళ్లి ఆవిడ పక్కన కూర్చునేదాన్ని. పెన్సిల్‌ని బ్లేడుతోనే చెక్కేది. చెమటకి బొమ్మ చెదరకుండా అరచేతి కింద కాగితం ముక్క పెట్టుకునేది. ఎవరొచ్చినా ముందు చెవి వేసేది. ఎందుకని అడిగితే, "అందరూ ముఖం సర్దుకుని కూర్చుంటారే. చెవిని సర్దుకోవడం ఎవరికీ రాదు" అంది. ఒకావిడ "కాస్త తెల్లగా వెయ్యండి" అంటే, తలెత్తకుండా "పెన్సిల్ నల్లగానే ఉంటుందండీ, నేనేం చెయ్యను" అంది. పిన్ని నోరు మంచిది కాదు. ఆ నోటికి జడిసి లేచిపోయినవాళ్లూ ఉన్నారు.

నాకు మైలవరం సంబంధం కుదిరింది. నిశ్చితార్థానికి పిన్నిని పిలవలేదు. పిలుద్దామని నేనూ అనలేదు. పటమటలో ఫంక్షన్ హాలు, మధ్యాహ్నం భోజనాలు, ఏర్పాట్లన్నీ మగపెళ్లివారే చూసుకున్నారు. వాళ్లు మాట్లాడిన ఈవెంట్ మేనేజరు హాల్లో ఒక మూల "లైవ్ స్కెచ్" అని బల్ల వేయించాడు. ఆ బల్ల వెనక మా పిన్ని కూర్చుని ఉంది.

అమ్మ చూసి గోడవైపు తిరిగింది. నాన్న మోగని ఫోను చెవిలో పెట్టుకుని బయటికి వెళ్లాడు. పిన్ని మమ్మల్ని పలకరించలేదు. మగపెళ్లివారి చుట్టాల్ని ఒక్కొక్కళ్లనే కూర్చోబెట్టి వేస్తూ ఉంది.

భోజనాలయ్యాక మా అత్తగారు నా చెయ్యి పట్టుకుని తీసుకెళ్లి ఆవిడ ఎదురుగా కూర్చోబెట్టారు. "మా కోడల్ని కూడా వెయ్యమ్మా."

"జుట్టు కాస్త వెనక్కి తీసుకోండి. చెవి కనపడాలి" అంది పిన్ని. పుట్టినప్పటినుంచీ నన్ను "ఒసేయ్" అని పిలిచిన మనిషి.

అత్తగారు మా ఇద్దరినీ మార్చి మార్చి చూశారు. "ఇదేంటమ్మాయ్, ఈవిడ ముక్కూ నీ ముక్కూ ఒకేలా ఉన్నాయి. మీ చుట్టాలా?"

"కాదండీ. ఈవెంట్ వాళ్లు తెచ్చినావిడ" అన్నాను.

పెన్సిల్ ఆగింది. మళ్లీ కదిలింది. తక్కిన అందరి బొమ్మల్లోనూ మనుషులు ఎదురుగా చూస్తున్నారు. నా బొమ్మలో నేను కళ్లు దించుకుని ఉన్నాను.

"కళ్లు సరిగ్గా రాలేదే" అన్నారు అత్తగారు.

"ఉన్నట్టే వేశానండీ" అంది పిన్ని.

పెళ్లయిన మూడు నెలలకి హనుమాన్ జంక్షన్ వెళ్లాను. తలుపు తీసి లోపలికి రమ్మంది. మా ఫంక్షన్ అని తెలిసీ ఎందుకొచ్చావని అడిగాను.

"ఎవరిదో వాళ్లు చెప్పలేదు. గేటు దగ్గర ఫ్లెక్సీ చూశాక తెలిసింది. వెనక్కి పోదామనే అనుకున్నా. ఆ ఫ్లెక్సీలో నీ ముక్కు సన్నం చేశారే. నేనైనా సరిగ్గా వేద్దామనిపించింది."

ఏడ్చాను. క్షమించమన్నాను.

"అది అడక్కు. క్షమించలేదు. క్షమించానని అబద్ధం చెప్పి నిన్ను పంపలేను. కంచం తెచ్చుకో, దొండకాయ వేపుడు చేశాను."

తిన్నాను. ఆ తర్వాత చాలాసార్లు వెళ్లాను. ఎప్పుడు వెళ్లినా అన్నం పెట్టింది. ఆ మాట మాత్రం వెనక్కి తీసుకోలేదు. మా ఇంట్లో ఇంకెవరూ నాతో అంత నిజం మాట్లాడలేదు. ఆవిడెవరో మా అత్తగారికి నేను ఇప్పటికీ చెప్పలేదు. ఇది చదివి తెలుసుకుంటారు.

చనిపోయిన రోజు పిన్ని బీసెంట్ రోడ్డుకి వెళ్లడానికి పొద్దున్నే బస్సు కోసం నిలబడి, అక్కడే కూలిపోయిందట. గుండెపోటు. దహనానికి మావాళ్లందరూ వచ్చారు. "మా మరదలు పెద్ద ఆర్టిస్టండీ" అని నాన్న వచ్చినవాళ్లకి చెబుతున్నాడు. ఆవిడ రోడ్డు మీద బొమ్మ వేస్తుండగా ఎవరో తీసిన వీడియోని పెద్ద మామయ్య భార్య స్టేటస్ పెట్టుకుంది. నేను నోరెత్తలేదు. వాళ్లకీ నాకూ తేడా ఏముందని ఎత్తను?

మూడో రోజున గది ఖాళీ చేయడానికి అమ్మా నేనూ వెళ్లాం. సామాను రెండు సంచుల్లో సరిపోయింది. ఊడ్చి బయటికి వస్తుంటే అమ్మ స్విచ్‌బోర్డు దగ్గర ఆగింది. దాని చుట్టూ తెల్లగోడ మీద పెన్సిల్ పొడి అంటిన వేళ్ల మరకలు, ఒకదాని మీద ఒకటి. రోజూ వచ్చి లైటు వేసుకున్నప్పుడు పడ్డవి.

"ఇంటాయన ఏమైనా అంటాడేమో" అంటూ అమ్మ కొంగు తడిపి తుడవడం మొదలుపెట్టింది. మరక పోలేదు. తుడిచేకొద్దీ బూడిదరంగై గోడమీద ఇంకా పాకింది.

"వదిలెయ్యమ్మా" అన్నాను.

అమ్మ వినలేదు. కొంగు ఇంకో మడత తిప్పి, మళ్లీ తడిపి, తుడుస్తూనే ఉంది.